పీఠికలో లేని పేరు

నా చిన్నప్పుడు, 1974 మే పదిహేడో తేదీ, శుక్రవారం, సాయంత్రం ఆరుంబావుకి మా నాన్న యూనివర్సిటీ నుంచి ఒక అట్టపెట్టె మోసుకొచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. అప్పటికి మేం మెల్‌బోర్న్ వచ్చి మూడేళ్ళు. నాకు పన్నెండేళ్ళు, తమ్ముడికి అయిదు. పెట్టెలో నాన్న రాసిన పుస్తకం ప్రతులు పన్నెండు ఉన్నాయి. మెడిసిన్ మొదటి సంవత్సరం పిల్లల కోసం, మనిషి చేతుల గురించీ కాళ్ళ గురించీ రాసిన పుస్తకం అది. అందులో నలభై ఒక్క బొమ్మలు. నలభై ఒకటీ గీసింది మా అత్తయ్య. ఆ సాయంత్రం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమే. యాభై ఏళ్ళు దాటినా తగ్గలేదు. తగ్గించుకుందామని నేనూ అనుకోలేదు.

అత్తయ్య నాన్నకి అక్క, ఆరేళ్ళు పెద్దది. తెనాలిలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగు టీచరుగా చేసింది. మామయ్య పోయాక నాన్న ఆవిడని మా దగ్గరికి పిలిపించుకున్నాడు. యూనివర్సిటీలో నాన్న అనాటమీ చెప్పేవాడు. శనివారం పొద్దున్నే అత్తయ్య ఆయనతో కలిసి శవాలుంచే హాలుకి వెళ్ళేది. చీర మీద తెల్లకోటు తొడుక్కుని, రెండు గంటలు నిలబడి, కోసి ఉంచిన చేతినో కాలినో చూస్తూ పెన్సిలుతో గీసుకునేది. ఇంటికి రాగానే ఎవరినీ తాకకుండా వెళ్ళి తలస్నానం చేసేది, అక్కడ చలికాలమైన జులైలో కూడా. తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చుని పెన్సిలు గీతల్ని సిరాతో దిద్దేది. బొమ్మ పూర్తయ్యాక కాగితం వెనక్కి తిప్పి సంతకం చేసి తేదీ వేసేది.

నేనూ ఎదురుగా కూర్చుని గీసేదాన్ని. ఒకసారి బోర్లా పెట్టిన చేతిని గీస్తూ, మోచేతి కిందుండే రెండు ఎముకల్నీ రైలు పట్టాల్లా పక్కపక్కనే గీశాను. అత్తయ్య తప్పని అనలేదు. నా ఎడమచేతిని వెల్లకిలా పెట్టించి, రెండోచేత్తో దాన్ని గట్టిగా పట్టుకోమంది. అలా పట్టుకునే ఎడమచేతిని బోర్లా తిప్పమంది. లోపల ఒక ఎముక రెండోదాని మీదికి ఎక్కడం నా వేళ్ళకి తెలిసింది.

“పట్టాల్లా ఉంటాయని ఎవరు చెప్పారే నీకు?”

“పుస్తకంలో అలాగే ఉంది అత్తయ్యా.”

“పుస్తకంలోది వెల్లకిలా ఉన్న చెయ్యి. నువ్వు గీసేది బోర్లా ఉన్నది. గీసే ముందు తిప్పి చూసుకోవద్దూ?”

ఆ రోజే నాకు ఇటలీ సంగతి చెప్పింది. ఒకప్పుడు అక్కడ వైద్యం చెప్పే పంతులు ఎత్తైన కుర్చీలో కూర్చుని పాత పుస్తకం చదివేవాడట. కింద ఇంకెవరో శవాన్ని కోసేవారు. పుస్తకంలో ఉన్నదీ శవంలో ఉన్నదీ కలవకపోతే, శవంలోనే ఏదో తేడా ఉందనుకునేవారు. ఆ పద్ధతికి అడ్డం పడింది బొమ్మలు గీసేవాళ్ళు. భుజం ఎత్తిన మనిషిని వెయ్యాలంటే చర్మం కింద ఏది కదులుతుందో తెలియాలి. అందుకని వాళ్ళు వెళ్ళి చూశారు. కొందరు తామే కత్తి పట్టి, పొర తరవాత పొర విప్పి, చూసింది చూసినట్టు గీశారు. చూడకుండా చదివితే చాలదని, బొమ్మ లేకుండా చెబితే అర్థం కాదని డాక్టర్లకి అప్పుడు తెలిసొచ్చింది. తరవాత ఒక కుర్ర డాక్టరు తన చేత్తో తనే కోసి, చిత్రకారుల చేత గీయించి పెద్ద గ్రంథం వేశాడు. ఆ బొమ్మల్ని అత్తయ్య లైబ్రరీ పుస్తకంలో నాకు చూపించింది. చర్మం ఒలిచిన మనుషులు కొండల ముందు నిలబడి ఉంటారు. ఆ పేజీల్ని వరసలో పక్కపక్కన పెడితే వెనకున్న కొండలూ ఇళ్ళూ ఒక బొమ్మలోంచి ఇంకో బొమ్మలోకి సాగిపోతాయి.

ఎవరు గీశారని అడిగాను. డాక్టరు పేరు ప్రపంచమంతా తెలుసుననీ, గీసిన చెయ్యి ఎవరిదో గట్టిగా చెప్పగలిగినవాళ్ళు లేరనీ, నాలుగు వందల ఏళ్ళుగా పండితులు వాదించుకుంటూనే ఉన్నారనీ చెప్పింది. చెప్పి నవ్వింది. అప్పటికి ఆవిడ బొమ్మలు ఇంకా ప్రెస్సులోనే ఉన్నాయి.

శుక్రవారం సాయంత్రం పెట్టె విప్పగానే అత్తయ్య చేతులు తుడుచుకుని వచ్చి ఒక ప్రతి తీసుకుంది. బొమ్మలు చూడలేదు. పీఠిక చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. అందులో నాన్న తన డిపార్టుమెంటు పెద్దకి కృతజ్ఞతలు చెప్పాడు. టైపు చేసినావిడకి చెప్పాడు, శవాల హాలు చూసుకునే అతనికి చెప్పాడు, ప్రెస్సువాళ్ళకి చెప్పాడు.

“నా పేరేదిరా?”

నాన్న నవ్వాడు. నిజంగానే ఆయనకి నవ్వొచ్చింది. “నీకు థాంక్స్ చెప్పడమేమిటక్కా? నువ్వేమన్నా బయటిదానివా? ఇంటి మనిషికి ఎవరైనా చెప్తారా?”

“ఇవన్నీ తెల్లవాళ్ళ మర్యాదలు వదినా, మన మధ్యెందుకు,” అంది అమ్మ, పొయ్యి మీద నుంచి కళ్ళు తిప్పకుండా.

“టైపు చేసినావిడకి చెప్పావుగా.”

“చెప్పకపోతే ఆవిడ నొచ్చుకోదూ?”

“నేను నొచ్చుకోననుకున్నావు.”

నాన్న అన్నం పెట్టమన్నాడు. అందరం తిన్నాం, ఆవిడ కూడా.

మర్నాడు శనివారం. అత్తయ్య హాలుకి వెళ్ళలేదు, ఇంకెప్పుడూ వెళ్ళలేదు. నన్ను పిలిచి, నేను దిద్ది మళ్ళీ గీసిన చేతి బొమ్మని బల్ల మీద పెట్టి, పేరు రాసి తేదీ వెయ్యమంది. అంత బాగా రాలేదన్నాను.

“బాగాలేకపోతే తిట్టడానికైనా ఎవరు గీశారో తెలియాలి కదే. ముందువైపు వెయ్యి. నేను వెనక వేశాను. అచ్చులో ముందువైపే పడుతుంది.”

ఆ ఆగస్టులోనే తెనాలి వెళ్ళిపోయింది. 1991లో పోయింది. నాన్న పుస్తకం నాలుగు సార్లు అచ్చయింది, అవే బొమ్మలతో, అదే పీఠికతో.

ఈ ఏడాది మార్చిలో తమ్ముడు మెల్‌బోర్న్ శివార్లలోని పాయింట్ కుక్‌లో ఒక హాలు తీసుకుని నాన్న నూరో జయంతి చేశాడు. మైకు పట్టుకుని, “నాన్నగారు గ్రేట్ ఆర్టిస్ట్ కూడా అండీ, ఆ బుక్‌లో డయాగ్రామ్స్ అన్నీ తనే డ్రా చేసుకున్నారు,” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మా నాన్న గుడ్డు గీస్తే బంగాళాదుంపలా వచ్చేది. భోజనాల దగ్గర వాణ్ణి పట్టుకుని, అవి అత్తయ్య గీసినవిరా అన్నాను.

“రియల్లీ? బుక్‌లో ఎక్కడా లేదే అక్కా.”

మర్నాడే ఆ పుస్తకం ఉన్న లైబ్రరీకి రాశాను, చిత్రకారిణి పేరు కేటలాగులో చేర్చమని. మర్యాదగానే జవాబిచ్చారు. పుస్తకంలో పేరు లేదు కనక ఇంకేదైనా ఆధారం కావాలన్నారు. ఆధారం ఉంది. అసలు బొమ్మలన్నీ, వెనక ఆవిడ సంతకంతో సహా, నాన్న పోయాక ఇల్లు అమ్మినప్పుడు తమ్ముడి గరాజ్‌కి వెళ్ళాయి. వాడికి ఫోన్ చేశాను.

“అవా? లాక్‌డౌన్ టైమ్‌లో హార్డ్ రబ్బిష్‌లో పెట్టేశాం అక్కా. అంతా సిల్వర్‌ఫిష్ పురుగు పట్టేసింది. ఓల్డ్ పేపర్సే కదా.”

చెత్త తీసుకెళ్ళే కౌన్సిల్ లారీ కోసం పాత పరుపుల పక్కన, ఇంటి ముందు గడ్డి మీద పెట్టారు వాటిని. చెడ్డవాళ్ళు చేసి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. ఆవిడని ప్రాణంగా చూసుకున్న సొంత తమ్ముడు, మా నాన్న ఒకడు, ఆవిడ చంక దిగకుండా పెరిగిన మేనల్లుడు ఒకడు. ఆవిడ పేరు చెరిపెయ్యడానికి వీళ్ళిద్దరే సరిపోయారు.

అత్తయ్య పేరు వెయ్యమన్న ఆ శనివారం నుంచీ నేను చేసిన ప్రతి పని మీదా ముందువైపే పేరు రాసి తేదీ వేస్తున్నాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ, ఎవరి పనైనా నా బల్ల మీదికి వస్తే ముందు చేసినవారి పేరు అడిగాను. ఇంట్లోవాళ్ళ పనయితే రెండుసార్లు అడుగుతాను. విసుక్కుంటారు. విసుక్కోనీ.

పోయినవి ఇవి. సిరా బొమ్మలు నలభై ఒకటి. వాటి వెనక సంతకాలు నలభై ఒకటి. నాలుగు ముద్రణల్లో నాలుగుసార్లు పడవలసి ఉండి, ఒక్కసారీ పడని పేరు ఒకటి. ఆ పేరు చింతపర్తి సుభద్ర.