మన్నార్‌కు మళ్లీ పోలేకపోయిన చెంగప్ప తాత

నిన్న పొద్దున కుప్పం స్టేషన్‌లో బెంగళూరు ట్రైన్ కోసం నిలబడి ఉంటే నాయన ఫోన్ చేశాడు.

"చెంగప్ప తాత లేడమ్మా" అన్నాడు.

ట్రైన్ వచ్చింది. పోయింది. నేను ఎక్కలేదని అది పోయాకే తెలిసింది.

తొంభై ఆరేళ్ల మనిషి పోతే షాక్ ఏంటి అనొచ్చు. మొన్న ఆదివారం కూడా ఫోన్‌లో నాతో పోట్లాడిన మనిషి.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఆయన మా తాతకు పెద్దన్న. పెళ్లి చేసుకోలేదు. పుంగనూరులో మా ఇంట్లోనే, ముందు గదిలో ఉండేవాడు. నేను మదనపల్లెలో డిగ్రీ చదివేటప్పుడు శనివారం ఇంటికి వస్తే అందరూ మార్కులు అడిగేవారు. ఆయనొక్కడు "ఈ వారం యాడికి పోయినావు?" అని అడిగేవాడు.

తను ఎక్కడికి పోయాడో కూడా ఆ రోజుల్లోనే నాకు చెప్పాడు.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది. తాతకు పంతొమ్మిదేళ్లు. కుప్పం పక్కన పల్లె, మేకలు, ఎండిపోయిన రాగి చేను. పుంగనూరులో ఒక సాయిబు షాపులో రెండేళ్లు పంక్చర్లు వేసి పాత సైకిల్ ఒకటి సొంతం చేసుకున్నాడు. ఒకరోజు దాన్నెక్కి సిలోన్ చూసొస్తానన్నాడు.

సముద్రం మీద ఎలా తొక్కుతావురా అని సాయిబు నవ్వాడట. నవ్వుతూనే రెండు ట్యూబులు ఇచ్చాడట.

ధనుష్కోటి దాకా తొక్కాడు. అక్కడ స్టీమర్ ఎక్కి అవతలి ఒడ్డున, ఇప్పటి శ్రీలంకలో దిగాడు. మన్నార్ దగ్గర ఇసుక దారిలో రెండు టైర్లూ పోయాయి. ఎండలో సైకిల్ మోసుకుంటూ పోతుంటే ఒక ఇంటి ముందు ఒకామె ఆపింది.

పేరు అడగలేదు. కులం అడగలేదు. తిన్నావా అని అడిగింది.

కుప్పం వాడు కాబట్టి తాతకు తమిళం వచ్చు. ఆ ఇంట్లో ఆమె, ఆమె అత్త, ఇద్దరే. భర్త పడవ మీద పోయి నెల దాటింది. ఇద్దరూ ఏ పని చేస్తున్నా ఒడ్డు వైపే ముఖం పెట్టి చేసేవాళ్లట. అయినా టైర్లు బాగయ్యేదాకా ఈ పరాయి పిల్లాణ్ణి మూడు రోజులు ఉంచుకున్నారు. సైకిల్‌కు ఎండ తగలకూడదని ఇంట్లో పెట్టించారు. తాత పడక బయట అరుగు మీద.

"మా ఇంట్లో పండక్కి ఒక చిప్ప కొబ్బరి. ఆ యమ్మ పూటకి మూడు కాయలు కొడతా ఉండె. నాకు ఏడుపొచ్చె" అనేవాడు, నవ్వుతూ.

బయలుదేరే రోజు ఆమె అరిటాకు వేసి ఎర్రన్నం, చేపల పులుసు పెట్టింది.

ఇక్కడే జరిగింది.

తాతది రాగి సంగటి ఇల్లు. సత్తు గిన్నెలో తినేవాళ్లు. పెళ్లిళ్లకు పిలిపించుకునేంత వాళ్లు కారు. ఆకులో వరన్నం ఆయన అంతవరకూ తిన్నది చావు ఇళ్లలోనే, దినం భోజనాల్లో. అక్కడ తిన్నాక ఆకును అవతలికి మడుస్తారు, ఇలాంటి పని మీద ఆ ఇంటికి మళ్లీ రాకూడదని. మామూలు భోజనమైతే మన వైపుకు మడవాలి. తాతకు ఒక్కటే తెలుసు.

కడుపునిండా తిని ఆకును అవతలికి మడిచాడు.

అత్త గోడకు జారగిలబడిపోయింది. ఆమె మాత్రం వచ్చి కూర్చుని, తన చేత్తో ఆ ఎంగిలాకు విప్పి, ఇటువైపు మడిచింది. "ఆయన వచ్చాక మళ్లీ రా తమ్ముడూ. తిని నువ్వే మడుద్దువు" అందట.

వస్తానన్నాడు.

తర్వాత సిలోన్ పోవాలంటే పర్మిట్లు కావాలన్నారు. తర్వాత స్టీమర్ ఆగిపోయింది. తర్వాత అక్కడ యుద్ధం.

ఆయనకు కావలసింది భోజనం కాదు. "ఆ యప్ప తిరిగొచ్చినాడా, లేదా. అంతే. రాకుంటే అది నేను సేసిన పనే కదా" అన్నాడు ఒకసారి. మూఢనమ్మకమని నేను పెద్ద లెక్చర్ ఇచ్చాను. మొత్తం విన్నాడు. "సదువుకున్నదానివి, నిజమే అయ్యుంటాది. అయినా ఒకసారి సూసొద్దాం."

సరే అన్నాను. తొంభై మూడేళ్ల వయసులో పాస్‌పోర్ట్ చేయించాను. వెరిఫికేషన్‌కు వచ్చిన కానిస్టేబుల్ ఈ వయసులో పాస్‌పోర్ట్ యాల తాతా అంటే, అన్నం తిని రావల్ల అన్నాడు.

తాత చెప్పిన గుర్తులు పెట్టి మన్నార్ వాళ్ల ఆన్‌లైన్ గ్రూప్‌లో అడిగాను. రెండు నెలలకు ఒకాయన జవాబిచ్చాడు. యుద్ధంలో ఆ వీధి మొత్తం ఖాళీ అయిపోయింది. ఇళ్లు లేవు. ఆ కుటుంబం సంగతి తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు.

తాతకు చెప్పలేదు.

ఎగ్జామ్స్ అన్నాను. లీవ్ దొరకలేదన్నాను. వానలన్నాను. మూడేళ్లు ఇలాగే.

మొన్న ఆదివారం ఆయన అన్న మాట: "ఊరంతా నిన్ను కుదురులేని పిల్ల అంటాండారు. నా కాడికొచ్చేసరికి యాడలేని కుదురు వస్తాదే నీకు."

నవ్వేసి ఫోన్ పెట్టేశాను.

అందరూ స్టేటస్‌లో నిండు జీవితం అని పెడుతున్నారు. ప్లీజ్, అలా రాయొద్దు. ఒక్క సంగతి తెలుసుకుని పోదామనుకున్నాడు. తెలియకుండానే పోయాడు. అక్కడేమీ మిగల్లేదన్న మాట కూడా తెలియనివ్వలేదు నేను. రేపు నేనొక్కదాన్నే వెళ్లినా అడగడానికి అక్కడ ఎవరూ లేరు.

ఇంకొకటి కూడా చెప్పేస్తా. ప్లాట్‌ఫాం మీద నాయన మాట వినగానే నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు. ఇక అబద్ధం చెప్పక్కర్లేదని ఊపిరి తేలికైంది. ఒక్క క్షణం. దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియడం లేదు.

తాతా, ఆయన వచ్చాడో లేదో నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు.

నువ్వు మాత్రం ఇంక ఎదురుచూడకుండా, శాంతిగా నిద్రపో.