అవ్వ ఆపేసిన పాట

నా చిన్నప్పుడు కొడకండ్లలో మా ఇంట్లో ఒక గ్రామఫోను ఉండేది. దొరల మీద సంఘం పోరాటం నడుస్తున్న రోజులవి. పొద్దుగూకకముందే తలుపులు మూసుకునే ఊళ్లో, మధ్యాహ్నం పూట ఆ పెట్టె పాడితే ప్రాణం లేచి వచ్చినట్టుండేది. దాన్ని హైదరాబాదు నుంచి తెచ్చింది మా తాతయ్యే అయినా, పదేళ్ల పిల్లనైన నాదే దాని మీద పెత్తనమంతా. రికార్డును మెత్తటి గుడ్డతో తుడిచేదాన్ని. గరగర వినబడితే ముల్లు మార్చి మళ్లీ మొదటి నుంచి పెట్టేదాన్ని. పక్కన ఎవరు దగ్గినా నాకు కోపమే. పాట చివరిదాకా సాగిన రోజులు తక్కువ.

పక్కింటి అవ్వ రోజూ వచ్చి గడప దగ్గర కూర్చుని వినేది. సంఘంలోకి పోయిన ఆమె ఒక్కగానొక్క కొడుకు కాల్పుల్లో చనిపోయాడని ఆ ఎండాకాలమే కబురు వచ్చింది. శవం కూడా ఇంటికి రాలేదు. ఒకనాడు వింటూ వింటూ ఆమె సన్నగా గొంతు కలిపింది. నేను రికార్డు ఆపేశాను.

"అవ్వా, నువ్వు నడుమల పాడకు. నీ గొంతుతోని పాట ఖరాబైతాంది" అన్నాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వినట్టే ఉంది. కాసేపటికి లేచి వెళ్లిపోయింది. అరుగు మీదున్న తాతయ్య అంతా విన్నాడు కానీ నన్ను తిట్టలేదు.

మర్నాడు ఆమె రాలేదు. తాతయ్య చల్ల చెంబు నా చేతికిచ్చి, "పా, అవ్వకు ఇచ్చొద్దాం" అని వెంట తీసుకెళ్లాడు. వాళ్ల దడి దాటకముందే పాట వినిపించింది. అవ్వ మరో ఇద్దరు ఆడవాళ్లతో వడ్లు దంచుతూ పాడుతోంది. రోకలి పోట్లు, కోళ్ల గోల, వాటి మధ్య ఆమె జీరగొంతు. కొడుకు మీద తనే కట్టుకున్న పాట అది. దండెం మీద ఆరిపోయిన వాడి అంగీ, వాడి కోసం దాచిన బువ్వ అందులో ఉన్నాయి. తోటివాళ్లు కళ్లు తుడుచుకుంటూనే దంచుతున్నారు. చేతిలో చెంబు ఉన్న సంగతే మరిచిపోయి నిలబడ్డాను.

ఒక చరణం అయింది. రెండోది ఎత్తుకోబోతూ అవ్వ నన్ను చూసింది. ఆపేసింది.

"ఆపినవేంది చెల్లె?" అన్నాడు తాతయ్య.

"బిడ్డ వచ్చింది గదన్నా. నా గొంతు మంచిగుండదు" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. నేనన్న మాటను ఆమె నిజంగానే నమ్మింది.

నేను తల ఎత్తలేకపోయాను. తప్పయిందని చెప్పాలనుంది, పాడమని అడగాలనుంది. రెండూ చేయలేదు. చల్ల అక్కడ పెట్టి వచ్చేశాను. దారిలో తాతయ్య ఒక్కటే అడిగాడు. "రోజూ నువ్వు ఇనేది పాటనా, ముల్లునా?"

నేను ధైర్యం తెచ్చుకునేలోపే ఊళ్లో పోలీసుల సోదాలు పెరిగాయి. అవ్వను ఆమె కూతురు మానుకోటకు తీసుకుపోయింది. మళ్లీ ఆమెను చూడలేదు.

ఇప్పుడు మా ఇంట్లో మంచి స్పీకర్లున్నాయి. శబ్దం స్వచ్ఛంగా ఉంటే నాకిప్పటికీ ఇష్టమే, అబద్ధమెందుకు. కానీ ఎవరైనా పాటతో గొంతు కలిపితే, అది ఎంత బొంగురుగా ఉన్నా, స్పీకరు తగ్గించి వాళ్లను వింటాను. అవ్వ పాటలో మొదటి చరణం నాకింకా వచ్చు. రెండోది ఏమిటో అడగడానికి ఎవరూ లేరు.