వద్దన్న పరుపు

తెలంగాణ వచ్చిన మరుసటేడు నా పెళ్లి. అత్తగారివాళ్లు సామానుతో పాటు పరుపు ఇస్తామంటే నేనే వద్దన్నాను. ఇచ్చేది వద్దన్న అల్లుడు మా జిల్లా మొత్తంలో నేనొక్కణ్నేనేమో! నార్కట్‌పల్లిలో రోడ్డు పక్కన కిరాణా దుకాణం మాది. టోకు సరుకు కొనేచోట చారెడు కొసరు రాబట్టనిదే నేను ఏనాడూ సంచి ఎత్తలేదు.

"ఇచ్చేది వద్దంటవారా? నువ్వు నాకే పుట్టినవా?" అన్నాడు బాపు.

"నడుముకు నులక మంచమే మంచిది బాపూ."

అసలు సంగతి వేరు. ఇరవై తొమ్మిదేళ్లొచ్చినా నేను పక్కలో ఉచ్చ పోసుకునేవాణ్ని. నులక మంచమైతే మీద పరిచిన చాప కడిగి ఎండేస్తే అయిపోతుంది. పరుపు అలా కాదు, సాక్ష్యం పదిలంగా ఉంచుతుంది. పదో తరగతి నుంచీ కాపలా పేరుతో దుకాణంలోనే పడుకున్నాను కాబట్టి ఆ అలవాటు ఎప్పుడో పోయిందనుకున్నాడు బాపు. బాధ్యత గల కొడుకని మెచ్చుకున్నాడు కూడా.

పిల్లకు ముందే చెప్పొచ్చు. కానీ సరుకులో లోపం మనమే చెబితే ధర పడిపోతుందని దుకాణంలో పెరిగినవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు.

మామ ఉప్పొంగిపోయాడు. "గిసువంటి అల్లుడు యాడ దొర్కుతడు?" అని కట్టంగూర్‌లో ఇంటింటికీ చెప్పి, ఆ సంతోషంలో మామూలు పరుపుకు రెండింతల మందాన బూరుగుదూది పరుపు కుట్టించి పంపాడు.

పెళ్లయిన నాలుగో రోజు పొద్దున నా భార్య ఆ పరుపును ఒక్కతే డాబా మీదికి ఈడ్చుకెళ్లి ఎండలో వేసింది. పక్కింటి అవ్వ గోడ మీంచి తొంగిచూసింది.

"కొత్త పరుపు అప్పుడే ఎండేస్తున్నవేంది బిడ్డా?"

"బిందె ఒలికిందవ్వా."

"మంచం మీద బిందెకేం పని?"

"మీ మనుమనికి దూప ఎక్కువ," అంది నా భార్య, నవ్వకుండా.

కిందికొచ్చి నన్నడిగింది. "ఎప్పుడన్న దవాఖానకు పోయినవా?"

"తాయెత్తు కట్టించుకున్న. ఒకాయన పొడి ఇస్తే, బేరమాడి సగానికే తెచ్చుకున్న."

"ధర తగ్గించినవు. రోగం తగ్గిందా?"

ఆ మధ్యాహ్నమే దుకాణం మూసి ఇద్దరం బస్సెక్కాం.

నల్లగొండలో డాక్టరు నవ్వలేదు. పెద్దవాళ్లలోనూ ఉంటుందని చెప్పి, పరీక్షలు చేయించి, మాత్రలు రాశాడు. ఫీజు వినగానే అలవాటుగా నోరు తెరిచాను. నా భార్య నా కాలు తొక్కింది.

ఇక లెక్క. ఫీజు, పరీక్షలు, మాత్రలు అన్నీ కలిపినా పరుపు ధరకు తక్కువే. ఇప్పటికీ నెలకు ఒకటి రెండుసార్లు తడుస్తుంది; ఆ పొద్దున పరుపు డాబా మీదికి నేనే మోస్తాను. ముందే చెబితే నన్ను చేసుకునేదానివా అని ఒకసారి అడిగాను.

"చేసుకుందునో లేదో నాకే తెల్వది. ఆలోచించే మోకా నువ్వు నాకియ్యలె," అంది.

ఆ అవకాశాన్ని నేను ఆమె దగ్గర ధర కట్టకుండానే తీసుకున్నాను. తిరిగి ఇద్దామంటే నా దగ్గర లేదు.