మాటలో ఒక్క అక్షరం

దగ్గు తగ్గక నిన్న కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకున్నాను. ఆ వగరు నాలుకకు తగలగానే సుగుణమ్మ టీచరు పక్కకొచ్చి కూర్చున్నట్టయింది. నౌపడ దగ్గర మా చర్చిలో ఆడవాళ్ల పాటల బృందాన్ని నడిపిన మనిషి. గొంతు బాగుండాలని ఎప్పుడూ కరక్కాయ చప్పరించేది. చివరికి ఆ గొంతే పాడైంది. ఆపరేషన్ చేస్తే పాట మాట అటుంచి మామూలు మాట కూడా ఉండకపోవచ్చని డాక్టరు చెప్పేశాడు.

మా ఊళ్లోకి స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. నేను టైపింగ్ సెంటర్ నడిపేదాన్ని. టీచరు తన పాటల నోటుపుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "ఒసే రూతూ, ఇవన్నీ పోన్లో సూసుకునేటట్టు సెయ్యే. ఎక్కడ సాగదియ్యాలో ఆ అచ్చరం లావుగా కనపడాల. నేను లేకపోయినా పాట తప్పకూడదు" అంది.

దాచుకోవడమెందుకు, నేను తొందర మనిషిని. పాటల్ని మామూలు టెక్స్టులో కొట్టి, లావు కావాల్సిన అక్షరానికి ముందూ వెనకా నక్షత్రం గుర్తు పెట్టి, వెబ్ పేజీగా మార్చాను. రెండు నక్షత్రాల మధ్య ఉన్నదాన్ని కంప్యూటరు లావు చేసి, నక్షత్రాల్ని మాయం చెయ్యాలి. మొత్తం మాటకు పెడితే చక్కగా లావయ్యేది. మాట మధ్యలో పెడితే మాత్రం నక్షత్రాలు నక్షత్రాలుగానే మిగిలిపోయాయి. అది చూసుకోకుండానే అందరికీ లింకు పంపేశాను. మా చర్చి పాటల కాగితాల్లో నక్షత్రం ఉంటే అక్కడ చప్పట్లు కొట్టాలని లెక్క. ఇంకేముంది, గుడ్ ఫ్రైడే ఆరాధనలో, అందరూ కన్నీళ్లతో ఉండగా, "ఎదురుచూతును" అనే మాట మధ్యలో మావాళ్లు రెండు చప్పట్లు చరిచారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు టీచరు వచ్చింది. తిడుతుందనుకుంటే పొట్ట పట్టుకుని నవ్వింది.

"పోనీ మాట మొత్తం లావు చేసేద్దామా టీచరమ్మా? సుళువు" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. "మాటంతా సాగదీస్తే అది పాటవదే. 'చూ' కాడే దాని పేణముంది. నీకు సుళువని దాన్ని సంపేత్తావా?"

ఆ మాట గుచ్చుకుంది. రెండు రోజులు కుస్తీ పట్టాను. గుర్తుకు అవతల ఖాళీ ఉంటేనే కంప్యూటరు దాన్ని పోల్చుకుంటుందట. మామూలు ఖాళీ పెడితే మాట రెండు ముక్కలవుతుంది. అందుకని వెడల్పే లేని ఖాళీ, కంటికి కనిపించనిది, గుర్తులకు అటూ ఇటూ పెట్టాను. మాట విరగలేదు. "చూ" ఒక్కటే లావుగా వచ్చింది.

"కనపడందాన్ని పెట్టినట్టు నీకెలాగ తెలుస్తాదే?" అంది టీచరు.

"బాణం మీట నొక్కితే అక్కడ ఒకసారి కర్సరు కదలదు. అంతే తేడా."

ఆమె తెర మీద ఆ అక్షరాన్ని వేలితో తాకింది. "నేనూ ఎవులికీ తెలీకుండా అక్కడే ఊపిరి తీసుకుంతాను" అంది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం ఆమె పాడేది, నేను గుర్తులు పెట్టేదాన్ని. పాట పాటకూ గొంతు సన్నగిల్లింది. ఆఖరి పాటలకు పాడలేక, నేను చదువుతుంటే సాగదీయాల్సిన అక్షరం దగ్గర నా చెయ్యి నొక్కేది. ఆపరేషన్ అయ్యాక ఏడాదికే వెళ్లిపోయింది.

ఇప్పుడు బృందంలో ఆమెను చూడని పిల్లలున్నారు. ఫోను చూసుకుంటూ సరిగ్గా "చూ" దగ్గరే సాగదీస్తారు. మొన్న ఒకమ్మాయి అడిగింది, "అక్కా, టీచరమ్మ ఇలాగే పాడీవోరా?" అని. ఎక్కడ సాగదీసేదో చెప్పగలను. ఆ గొంతు ఎలా ఉండేదో చెప్పలేకపోయాను. అన్ని సాయంత్రాలు నా పక్కనే కూర్చుని పాడింది. రికార్డు చేసే ఫోను నా బల్ల మీదే ఉండేది. గుర్తులు సరిగ్గా పడుతున్నాయా లేదా అని తెర వంకే చూస్తూ, ఒక్కసారి కూడా దాని మీట నొక్కలేదు.