శనివారం చూసిన ఇంజన్

రాజాం దాటి పొందూరు రోడ్డు ఎక్కగానే నా ఎడమచెయ్యి దానంతట అదే తలుపు పిడిని పట్టుకునేది. కుడిచేతిలో నోటుబుక్కు. స్టీరింగు దగ్గర బావ, వెనకసీటులో పడుకుని అక్క. వారానికి మూడుసార్లు, సోమ, బుధ, శుక్రవారాల్లో, శ్రీకాకుళం ఆస్పత్రిలో అక్కకు డయాలసిస్. రానూపోనూ తొంభై ఆరు కిలోమీటర్లు. ఆ వేసవి నుంచి ప్రతి కిలోమీటరూ ఇంజన్ చప్పుడు వింటూనే వెళ్ళాను, వింటూనే వచ్చాను.

బావ ధాన్యం వ్యాపారం చేసే రోజుల్లో ఎవరి దగ్గరో కొన్న తెల్ల అంబాసిడర్ అది. ముప్పై నాలుగేళ్ళు పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చుని, రిటైరయ్యి, అక్కావాళ్ళింట్లో చేరిన నాటినుంచి దాని లెక్క నాది. పోసిన పెట్రోలు, తిరిగిన దూరం, కలిపిన ఆయిలు అన్నీ తేదీ వేసి రాస్తాను. ఒకప్పుడు నెలకు పావు లీటరు ఆయిలు సరిపోయేది. ఆ జ్యేష్ఠంలో వారానికి లీటరున్నర పోశాం. బావకు చూపిస్తే నవ్వాడు.

"వయసు మళ్ళినోళ్ళు ఎక్కువ తాగుతారే, మరదలా. నన్ను సూడు, పూటకి రెండు గ్లాసుల మజ్జిగ."

"నువ్వు తాగితే ఎనకాల పొగ రాదు కదా, బావా," అన్నాను. నాకు నవ్వు రాలేదు.

అద్దె కారులో ఎందుకు తీసుకెళ్ళరని చాలామంది అడిగారు. తుంటి ఎముక విరిగినప్పటినుంచి అక్క కుడికాలు మడత పడదు. అంబాసిడర్ వెనకసీటు ఒకే బల్లలా ఉంటుంది. కాళ్ళకింద దిండు పెట్టుకుని, కాలు చాపి పడుకోవచ్చు. డయాలసిస్ అయ్యాక అక్కకు బీపీ పడిపోతుంది. అప్పుడు తల కిందికి ఉండాలి. ఒక్కసారి అద్దె కారులో తెచ్చాం. చిలకపాలెం దగ్గర తల నా భుజం మీద వాలిపోయింది. పిలిస్తే పలకలేదు. ఇరుకు సీటులో పడుకోబెట్టడానికి వీల్లేక, తలుపు తీసి, సగం ఒంటిని నా ఒళ్ళోకి లాక్కున్నాను. ఆ డ్రైవరు రోడ్డు మీద నిలబడి, "అమ్మా, నా బండిలో ఏటైనా అయితే నానేటి సెప్పాలి?" అన్నాడు. అతన్ని నేను తప్పుపట్టను. అతని భయమూ నా భయమూ ఒకటే.

తరువాత ఒక బుధవారం మా కారే ఆగింది. తిరుగు ప్రయాణంలో, పొలాల మధ్య, నాలుగూ పదికి. బావ బానెట్ ఎత్తితే ఆవిరి. తాగడానికి తెచ్చుకున్న నీళ్ళన్నీ అందులో పోశాడు. నేను వెనక తలుపు దగ్గర నోటుబుక్కుతో అక్కకు విసురుతూ నిలబడ్డాను. అక్క చెయ్యి చల్లబడుతూంటే, అది చెమట వల్లనో ఇంకెందువల్లనో నాకు తెలియలేదు. కారు అయిదూ రెండుకి కదిలింది. ఆ యాభై రెండు నిమిషాలు నేను పుస్తకంలో రాయలేదు. ఆ ఒక్క తేదీ ఖాళీగా ఉంది.

మర్నాడు మేస్త్రి దగ్గరకు వెళ్ళాం. ఇన్నేళ్ళుగా ఆ కారు మీద చెయ్యి వేసింది ఆయనొక్కడే. ఇంజన్ నడుస్తుండగా పైన ఆయిలు పోసే మూత తీసి, "తెల్లబట్ట ఒకటియ్యండి," అన్నాడు. బావ భుజం మీది పాత పొందూరు కండువా కొస చింపి ఇచ్చాడు. మేస్త్రి దాన్ని ఆ కన్నం మీద పరిచాడు. లోపలి ఊపిరికి బట్ట పొంగి పొంగి పడింది. ఒక్క నిమిషంలో దాని నిండా నల్లటి ఆయిలు చుక్కలు.

"రింగులు పోయాయి, బాబూ. లోపలి గాలి పైకి తన్నుతన్నాది."

రెండు దారులు చెప్పాడు. ఇంజన్ దింపి, బోరింగ్ చేయించి, అంటే అరిగిన సిలిండర్లు లేత్ మీద సాపు చేయించి, పిస్టన్లు, రింగులు, బేరింగులు కొత్తవి వేసుకోవడం ఒకటి. దాన్ని పూర్తిగా తీసేసి, వేరే బండిలోని డీజిల్ ఇంజన్ ఒకటి పాతది కొని అమర్చడం రెండోది.

నేను ఎంతవుతుందని అడగలేదు. ఎన్ని రోజులని అడిగాను.

"మార్చడానికైతే సామాను ముందే సిద్ధం సేసుకుంటాను. శుక్రవారం సాయంత్రం బండి ఇస్తే సోమవారం పొద్దుటికి ఇచ్చేస్తాను. బోరింగంటే పిస్టన్లు కలకత్తా నుంచి రావాల. లేత్ షాపులో వరస ఉన్నాది. ముప్పై ఎనిమిది రోజులనుకోండి."

ఆ రోజు ఎదురెదురు పేజీల్లో రెండు లెక్కలూ వేశాను. ఇంజన్ మార్పు: పాత ఇంజన్ నలభై అయిదు వేలు, అమర్చడానికి తొమ్మిదివేల అయిదు వందలు, తేవడానికి రెండు వేలు, రిజిస్ట్రేషను కాగితాల్లో కొత్త నంబరు ఎక్కించడానికి మూడువేల అయిదు వందలు. అరవై వేలు. బోరింగు: పిస్టన్లూ రింగులూ ఇరవై ఒక్క వేలు, లేత్ పని పద్నాలుగువేల ఎనిమిది వందలు, క్రాంకూ బేరింగులూ పదకొండు వేలు, మేస్త్రి కూలి పద్దెనిమిది వేలు. అరవై నాలుగువేల ఎనిమిది వందలు. తేడా నాలుగువేల ఎనిమిది వందలే. ఆ తేడా నన్ను భయపెట్టలేదు. ముప్పై ఎనిమిది రోజులంటే పదహారు డయాలసిస్‌లు. ఆ పదహారు నన్ను భయపెట్టింది.

బావకు మార్చడం ఇష్టం లేదు.

"ఇంజన్ తీసేస్తే ఇంకేటే మిగిలింది? రేకూ, హారనూ."

"పదహారు సార్లు అక్కని ఎందులో తీసుకెళ్తావో సెప్పు బావా, నోరు మూసుకుంటాను."

"నీ లెక్కకి చేతులుంటే నన్ను కొట్టేసును," అని బావ ఒప్పుకున్నాడు.

విజయనగరం అవతల హైవే పక్కన పాత ఇంజన్లు అమ్మే షెడ్డు ఉందని మేస్త్రి చెప్పాడు. బావ ఫోన్ చేశాడు. మాకు మంచీ చెడ్డా చూసుకోకుండా ఇనుప వస్తువు కొనే అలవాటు లేదు. శనివారం ఇనుము అసలు కొనం. అందుకని బావ అన్నీ వివరంగా చెప్పాడు. గురువారం వస్తాం, ఒకటిన్నరకి రాహుకాలం, పదకొండుకల్లా మీ దగ్గరుంటాం, ఆదివారం బండి తెచ్చి తీసుకెళ్తాం. పక్కన నిలబడి, గంట సరిగ్గా చెప్పమని గుర్తుచేసింది నేనే.

గురువారం ముసురు. షెడ్డులో ఇనుప స్టాండు మీద ఇంజన్ పెట్టి ఉంది. "వారం రోజులై దీన్ని ముట్టుకోలేదమ్మా, మీకోసమే ఉంచాను," అన్నాడు షెడ్డాయన. మేస్త్రీ బావా ఆయనతో రేటు మాట్లాడుతుండగా నేను కాగితాల పనికోసం ఇంజన్ నంబరు మీద తెల్లకాగితం పెట్టి పెన్సిలు రుద్ది అచ్చు తీసుకున్నాను. తరువాత స్టార్టు చేశారు. మొదటి తిప్పుకే అందుకుంది. కండువా ఇంకో ముక్క చింపి పరిచారు. తెల్లగా ఉంది. నాకు గుండెల మీద బరువు దిగినట్టయింది. అయిదు వేలు అడ్వాన్సు ఇచ్చాం.

శుక్రవారం అక్క లోపల మిషను దగ్గర ఉంది. నాలుగు గంటలు బయట బెంచీ మీద కూర్చోవాలి. పుస్తకం తీసి ముందురోజు రాసింది చదువుకున్నాను. "పదకొండూ పది. ముసురు. నంబరు అచ్చు తీశాను. వేలు చురుక్కుమంది. పదకొండూ ఇరవై. స్టార్టు చేశారు."

మళ్ళీ చదివాను. ఎండ లేదు. నీడలో ఉన్న ఇనుము. స్టార్టు చేయడానికి పది నిమిషాల ముందే వేలు చురుక్కుమంది. చూపుడువేలు చూసుకున్నాను. కొసన చిన్న ఎర్రటి మచ్చ. వారం రోజులై ముట్టుకోని ఇంజన్ నా వేలు ఎలా కాల్చింది?

పుస్తకం మూసేశాను. నా భయం అడ్వాన్సు పోతుందని కాదు. ఆ ఇంజన్ కారులో ఉన్నట్టూ, మేము పొలాల మధ్య ఆగిపోయినట్టూ, నేను వెనక తలుపు తీస్తున్నట్టూ కళ్ళకు కట్టింది. సిస్టరమ్మ వచ్చి, "లోపల మీ అక్కగారికి బానే ఉందమ్మా," అన్నా కూర్చోలేకపోయాను.

బయటికెళ్ళి మేస్త్రికి ఫోన్ చేశాను. విషయం చెప్పాను.

"నానూ సెయ్యేసి సూడాల్సింది, అమ్మగారూ. ముందే నడిపి వేడెక్కించి, సిక్కటి ఆయిలు పోసేస్తే పాడైన ఇంజనూ కాసేపు మంచిదాన్లాగే నడుస్తాది. సల్లగా ఉన్నప్పుడు సూస్తేనే తెలుస్తాది."

"ఎప్పుడు సల్లగా ఉంటాది?"

"మనం వస్తామని తెలీనప్పుడు."

రేపు శనివారం. ఇనుము కొనడానికి ఎవరూ పోని రోజు. ఇంటికొచ్చి చెబితే బావ ఉలిక్కిపడ్డాడు. "శనివారమా! మతిపోయిందేటే?"

"కొనడానికి కాదు బావా, సూడ్డానికి. సూపుకి దోషం లేదు."

మేస్త్రితో కలిసి మొదటి బస్సు పట్టుకున్నాను. షెడ్డు దగ్గరకు చేరేసరికి ఎనిమిదిన్నర. షెడ్డాయన టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. నేను నేరుగా వెళ్ళి అరచెయ్యి ఇంజన్ మీద ఆనించాను. బావిలోంచి తీసిన చెంబులా చల్లగా ఉంది.

"ఇప్పుడు స్టార్టు సెయ్యి నాయనా."

ఆరుసార్లు తిప్పినా అందుకోలేదు. ఏడోసారి అందుకుంది. లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు. నీలిపొగ షెడ్డు కప్పుదాకా లేచింది. మేస్త్రి పరిచిన బట్ట మా కారు బట్టకన్నా నల్లబడింది. షెడ్డాయన మా మొహాలు చూడకుండా, "శనివారం ఎవరొస్తారమ్మా!" అన్నాడు. తెలియక పైకే అనేశాడనుకుంటాను. నాలుగు వేలు తిరిగి ఇచ్చాడు. మిగతా వెయ్యికి నేను పోట్లాడలేదు. నా జీవితంలో అలా వదిలేసిన లెక్క అదొక్కటే. నాకు ఇంటికి పోవాలనిపించింది.

ఇంక మిగిలింది ముప్పై ఎనిమిది రోజుల బోరింగు పేజీ. వాకిట్లో బావతో గొంతు తగ్గించి మాట్లాడుతుంటే లోపలినుంచి అక్క పిలిచింది.

"ఏటే ఆ గుసగుసలు? నా చెవులకి డయాలసిస్ లేదు. ఇలా రండి."

అంతా చెప్పాను. ఆస్పత్రి పక్క వీధిలో గదులు అద్దెకిస్తారని మాకు ముందునుంచీ తెలుసు. ఆ మాట ఎత్తడానికి ఇద్దరికీ భయం. ఆస్పత్రిలో అక్క పక్క మంచం ఆవిడ చైత్రంలో అలాగే గది తీసుకుంది. ఆవిడ మళ్ళీ వాళ్ళ ఊరు చూడలేదు. అప్పటినుంచి గది అంటే అక్క చెవులు మూసుకునేది.

అక్క కాలు నిమురుకుంది.

"తీసుకోండి గది. ఒక్క మాట. నన్ను ఇంటికి తెచ్చేది మన కారే అవ్వాల. ఇంకే బండీ నన్ను మోసుకు రాకూడదు."

ఇంకే బండో మా ముగ్గురికీ తెలుసు. బావ లేచి దొడ్లోకి వెళ్ళిపోయాడు.

మమ్మల్ని ఆ గదిలో దింపి బావ కారు మేస్త్రికి అప్పగించాడు. అక్కతో నేనున్నాను. రోజూ సాయంత్రం ఆరింటికి మేస్త్రికి ఫోన్. పిస్టన్లు వచ్చాయి. ఒకటి కొలత తేడా. వెనక్కి పంపారు. ముప్పై ఎనిమిది దాటింది. ముప్పై తొమ్మిదోనాడు అక్క అన్నం ముట్టలేదు. గోడవైపు తిరిగి, "కారు నడుస్తన్నాదా?" అని అడిగింది. "రేపో ఎల్లుండో," అన్నాను. గడువు తెలియకుండా నేను ఎవరికీ మాట ఇచ్చినదాన్ని కాదు. ఆ రాత్రంతా అక్క ఛాతీ మీది దుప్పటి కదులుతోందా లేదా అని చూస్తూ కూర్చున్నాను.

నలభై ఒకటోనాడు, శుక్రవారం, డయాలసిస్ అయ్యేసరికి ఆస్పత్రి మెట్ల ముందు తెల్ల అంబాసిడర్ ఉంది. బావ కండువా లేకుండా నిలబడ్డాడు. ముక్కలన్నీ అయిపోయాయట. అక్కను పడుకోబెట్టి, దిండు సర్ది, నేను ముందు కూర్చున్నాను.

కొత్తగా కట్టిన ఇంజన్, వెయ్యి కిలోమీటర్ల దాకా నలభై దాటించొద్దని మేస్త్రి చెప్పాడు. వెనక లారీలు హారన్లు కొట్టి కొట్టి మమ్మల్ని దాటిపోయాయి. నా ఎడమచెయ్యి అలవాటుగా తలుపు పిడి పట్టుకుంది. ఇంజన్ కోసం చెవి పెట్టాను. చప్పుడు లేదు. కుట్టుమిషను దూరంగా తిరుగుతున్నట్టు ఉందంతే. ఇన్ని నెలలూ ఆ మోతలో వినబడనిది ఇప్పుడు వెనకసీటులోంచి వినబడింది. అక్క ఊపిరి. ఒకటి, కాస్త ఆగి ఇంకొకటి.

గడియారం చూసి లెక్కపెట్టాను. నిమిషానికి పద్దెనిమిది. రాసుకున్నాను. పొందూరు దాటాక మళ్ళీ లెక్కపెట్టాను. పదిహేడు.

"ఏటే రాస్తన్నావు? ఆయిలు అప్పుడే దిగిపోనాదా?" అన్నాడు బావ.

"లేదు బావా. నువ్వు రోడ్డు సూడు. నెమ్మదిగా పోనీ."