ఊత పెట్టిన చెయ్యి

మా నాయన రామాంజినప్ప బెంగళూరు నగర్తపేటలో పాత ఇళ్లు మరమ్మతు చేసే మేస్త్రీ. చదివింది మూడో తరగతి. నేను హూడిలో ఒక బడిలో ఫ్రెంచి చెబుతాను. "ఆ భాష నేర్చి ఎవర్ని ఉద్ధరిస్తావే నేత్రా" అని మొదట్లో ఎకసెక్కం చేశాడు. తర్వాత తనే రోజుకొక మాట చెప్పమని ప్రాణం తీసేవాడు.

మొన్న ఉగాదికి ముందు పాఠంలో గుట్ట వచ్చింది. ఒంటిగా లేచిన గుట్టను ఫ్రెంచివాళ్లు 'బ్యుట్' అంటారని, ఇంగ్లీషువాళ్లు ఆ మాటనే ఎత్తుకుపోయారని నాయనకు చెప్పాను.

"ఒరిగిన గోడకు నువ్వు కట్టే ఊతగోడను ఇంగ్లీషులో బట్రెస్ అంటారు నాయనా. అదీ పాత ఫ్రెంచి నుంచి వచ్చిందే. దాని మూలానికి నెట్టడమని అర్థం."

"మోసేది కాదా?"

"కాదు. పక్కనుంచి నెట్టేది."

నాయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "ఆ మాట పెట్టినోడు గోడ మీద చెయ్యి పెట్టి చూసుండాడమ్మా" అన్నాడు. ఆపైన ఇరవై రెండేళ్లుగా కడుపులో దాచుకున్నది కక్కేశాడు.

చిక్కపేటలో ఒక మట్టిగోడ ఇల్లు. పక్క స్థలంలో పునాది తవ్వితే గోడ ఒరిగింది. నాయన, ఆయన తమ్ముడు ఆవులప్ప కలిసి ఊతగోడ కట్టారు. రెండు నెలలకే ఇంటాయన తీసేయమన్నాడు. కూతురి పెళ్లి, సందులో పందిరి వేయాలట. మా మేస్త్రీలకు ఒక కట్టుబాటు ఉంది. ఊత పెట్టిన చెయ్యే ఊత తియ్యాలి. రానంటే ఆ మేస్త్రీకి పరువు దక్కదు. నాయన తమ్ముణ్ణి వెంటబెట్టుకొని వెళ్లాడు. ఊత తీస్తుంటే గోడ కూలి చిన్నాయన పోయాడు. వానకు నాని పడిందని నాయన అందరికీ చెప్పాడు. చిన్నాయన భార్య చౌడమ్మకూ అదే చెప్పాడు.

"తీసే ముందు అరచెయ్యి పెట్టి చూసినా. గోడ ఇంకా ఊత మీదికి నెడతా ఉండె. పరువు పోతాదని నోరు మూసుకున్యా. ఆవులప్పను పైకెక్కమన్యా."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇన్నేళ్లూ ఆదివారం ఆదివారం చిన్నమ్మ చేతి సంగటి ఎట్లా మింగినావు నాయనా?" అనేశాను. ఆయన ఏడ్చాడు. అలా అన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

"చౌడమ్మకు చెప్పాలమ్మా. ఆమె తలుపేసుకున్నా సరే" అన్నాడు.

ఆదివారం ఇద్దరం వెళ్లాం. చిన్నమ్మ చేటలో రాగులు చెరుగుతోంది. నాయన గడప దగ్గరే కూలబడి అంతా చెప్పాడు. ఆమె చేట దించలేదు.

"నాకు తెలుసు బావా. ముందు దినమే నీ తమ్ముడు కూడా చెయ్యి పెట్టి చూసినాడు. గోడ నెడతా ఉండాది, అన్నకు చెప్తే చిన్నబోతాడు అన్యాడు. అది తెలిసీ అన్నం మూట కట్టి పంపించింది నేనే."

"మరి నన్ను ఎందుకు అడగలేదమ్మా?"

"నువ్వే చెప్తావని చూసినా. వారం వారం ముద్ద పెట్టింది దానికే. చెప్పినావు కదా. ఇంక రావద్దు."

ఆమె చేట పట్టుకొని లోపలికి వెళ్లిపోయింది.

మరుసటి ఆదివారం పొద్దున్నే నాయన, చిన్నమ్మ ఇంటికి బయల్దేరే రోజుల్లో లాగే, తల దువ్వుకొని, ఉతికిన చొక్కా వేసుకొని కూర్చున్నాడు. నేను పొయ్యి మీద సంగటికి ఎసరు పెట్టాను.