ముందు సీటు ఎత్తు

నా చిన్నప్పుడు మేం దోహాలో, ఐన్ ఖాలిద్‌లో ఉండేవాళ్ళం. ఆ రోజుల్లో ఒక శుక్రవారం పొద్దున అల్ ఘర్రాఫాలోని ఒక పెద్ద ఇంటి ముందు ఉన్నవాళ్ళు: మా బాపు, అంటే మా నాన్న, నేను, మాకు తెలిసిన రాయచోటి డ్రైవర్ మామ, ఆయన పనిచేసే ఇంటి యజమాని అయిన ఖతరీ పెద్దాయన. ఉన్న వస్తువులు: గావా అనే అరబ్బు కాఫీ ఉన్న ఫ్లాస్కు, ఖర్జూరాల పళ్ళెం, పెద్దాయన చేతికర్ర, బాపు జేబులో స్టీలు టేపు, నీడలో అమ్మకానికి నిలబెట్టిన ఒక పాత అమెరికన్ కారు. రానివాళ్ళు ఇద్దరు. అమ్మ కోపంతో రాలేదు. నాయనమ్మను ఎవరూ రమ్మనలేదు. ఆ కారు చూడడానికి వెళ్ళింది నాయనమ్మ కోసమేనని అప్పటికి బాపు ఎవరికీ చెప్పలేదు.

నాయనమ్మ కరీంనగర్ దగ్గర ఒక పల్లె నుంచి విజిట్ వీసా మీద మా దగ్గరికి వచ్చింది. కొడుకు దుబాయ్‌లో ఉన్నాడనే ఊరంతా చెప్పుకునేది. ఇది ఖతర్ అని బాపు ఎన్నిసార్లు చెప్పినా, "ఏదైతేంది, గదే" అనేది. ఎయిర్‌పోర్టు నుంచి ఆవిడను మా చిన్న కారులో తీసుకొచ్చాం. ఆ కారు సీట్లు అప్పటికే కుంగిపోయి ఉన్నాయి. అందులో కూర్చోవడమంటే ఒక గుంతలోకి దిగడమే. ఇంటి దగ్గర దిగబోతే నాయనమ్మ మోకాళ్ళు లేవలేదు. బాపు ఒక చెయ్యి, అమ్మ ఒక చెయ్యి పట్టి లాగారు. కొంగు జారింది. మేం ఉండేది మధ్యలో గోడలు కట్టి ఐదిళ్ళుగా విడగొట్టిన విల్లా. వాకిలి అందరిదీ. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన ఇద్దరు మగవాళ్ళు పరుగున వచ్చి, నడుం పట్టి లేపి నిలబెట్టారు. నాయనమ్మ నవ్వేసింది. ఇంట్లోకి వచ్చాక మాత్రం చాలాసేపు కొంగు సర్దుకుంటూనే ఉంది.

ఆ తర్వాత ఆవిడ కారు ఎక్కలేదు. "నాకు కారు పడది బిడ్డా, కడుపుల తిప్పుతది" అనేది. మోకాళ్ళ మాట ఎత్తేది కాదు. ఊళ్ళో బస్సుల్లో, జీపుల్లో, ట్రాక్టర్ల మీద తిరిగిన మనిషికి కడుపులో తిప్పడమన్నది ఎన్నడూ లేదని బాపుకు తెలుసు. వచ్చేటప్పుడు ఆవిడ కోరిన కోరిక ఒకటే, సముద్రం చూడాలని. మూడు వైపులా సముద్రమున్న దేశానికి వచ్చి, కిటికీలోంచి పక్క విల్లా గోడ చూస్తూ కూర్చునేది. చివరికి ఒకరోజు టికెట్ ముందుకు జరపమని బాపును అడిగింది.

"ఈడ కూసునుడు, ఆడ కూసునుడు ఒకటే కదరా. ఆడైతే నన్ను ఎరిగినోళ్ళన్న ఉంటరు" అంది.

బాపు సరే అనలేదు, వద్దనలేదు. చూద్దామన్నాడు. ఆ వారంలోనే ఆయనకు ఉన్నట్టుండి పెద్ద కారు మీద మనసైంది. అన్నం తింటూ అందరి ముందూ చెప్పాడు, చిన్నప్పటి సంది పెద్ద అమెరికన్ కారంటే తనకు ఇష్టమని, ఇప్పుడన్నా కొనుక్కోవాలని ఉందని. అమ్మ గంటె గిన్నెలో పెట్టేసింది.

"మనం ఉండేది రెండు రూములల్ల. ఈయనకు షేకు కారు కావాల్నట. ఉన్న కారుకేమైంది?"

"పాతదైంది."

"గా కొనేది కొత్తదా మరి?"

బాపు పెరుగు కలుపుకున్నాడు. నాయనమ్మ కోడలి పక్కనే చేరింది. "పిల్లగానికి బట్టలు కొనక కారేందిరా" అంది. అప్పటి నుంచి ఇంట్లో బాపు పేరు షేక్ సాబ్. బాపు ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. గీత గీసే ముందు మూడుసార్లు చూసుకునే మనిషి. ఆయనకు ఇంత సోకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకూ అర్థం కాలేదు. కారు చూడడానికి రమ్మంటే మాత్రం ఎగిరి గంతేసి వెళ్ళాను.

కారు తెల్లది. పైకప్పు రంగు ఎండకు వెలిసింది. గేరు స్టీరింగ్ పక్కన ఉంది. ముందు సీటు రెండుగా లేదు, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే పరుపు. డిక్కీ తెరిస్తే నా సైకిల్ అడ్డంగా పట్టేటట్టుంది. డ్రైవర్ మామ బానెట్ ఎత్తి ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌ను తన సొంతదైనట్టు చూపించాడు.

"పెట్రోలు తాగుతాదన్నా. ఆ ఒక్కటీ ఒప్పుకోవాల. తక్కిందంతా మంచం మాదిరి ఉంటాది" అన్నాడు. "బాబా ఈ రకందే ఇంకోటి కొత్తది తెచ్చుకున్నాడు. కొడుకులేమో జీపులు కొన్నారు. అవి ఎక్కాలంటే నాకు నిచ్చెన తెచ్చివ్వండి అంటాడీయన." ఇళ్ళల్లో పనిచేసే డ్రైవర్లు యజమానిని బాబా అనే పిలుస్తారు.

బాపు ఇంజిన్ వైపు వెళ్ళనే లేదు. డ్రైవర్ పక్క సీటు తలుపు తెరిచి టేపు తీశాడు. కొసను నేల మీద నొక్కి పట్టుకోమని నాకు చెప్పి, పై కొసను సీటు అంచు దాకా లాగాడు. టేపు మీద ఒకచోట ముందే నల్ల గీత ఉంది. సీటు అంచు సరిగ్గా ఆ గీత దగ్గరికి వచ్చింది. బాపు లేచి, సీటు పరుపును అరచేత్తో అదిమి, ఎంత దిగుతుందో చూశాడు. మళ్ళీ కొలిచాడు. తర్వాత తలుపు ఎంత వెడల్పు తెరుచుకుంటుందో కొలిచాడు.

"ఏందన్నా, కారుకు చొక్కా కుట్టిస్తావా?" అన్నాడు మామ.

పెద్దాయన కర్ర మీద ఆనుకుని ఇదంతా చూస్తున్నాడు. "లేష్ మాఫీ షూఫ్ మకీనా?" అని మామను అడిగాడు.

"ఇంజిను చూడవేందని అడుగుతాండాడు బాబా."

బాపు ముందు నా వైపు చూశాడు. తర్వాత పెద్దాయన వైపు తిరిగి, తనకు వచ్చిన కాస్త అరబీలో "ఉమ్మీ" అన్నాడు. మా అమ్మ అని. ఇంకో మాట దొరక్క వంగి తన మోకాలి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

మామ నవ్వడం ఆపేశాడు. పెద్దాయన కర్ర నా చేతికిచ్చి, కారు దగ్గరికి వచ్చి, సీటుకు వీపు పెట్టి నిలబడ్డాడు. ముందు కూర్చున్నాడు. ఆ తర్వాతే రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకున్నాడు. దిగేటప్పుడు రెండు కాళ్ళూ ముందు బయటికి వచ్చాయి. ఒక చెయ్యి తలుపు మీద ఆనించి మెల్లగా లేచాడు. మాకు అర్థమైందో లేదో అని ఇంకోసారి చేసి చూపించాడు. తర్వాత బాపును కూర్చోమన్నాడు. ఆ తర్వాత నన్ను. నేను అలవాటుగా ఒక కాలు ముందు లోపల పెట్టబోతే, అలా కాదని చెయ్యి అడ్డం పెట్టి "లా, లా" అన్నాడు. మామ కారు నడిపి చూపించింది, పెద్దవాళ్ళు గావా తాగుతూ బేరం మాట్లాడుకున్నది అన్నీ ఆ పాఠం తర్వాతే. బేరం నాకు గుర్తు లేదు. ఆ సమయంలో నేను ఖర్జూరాల దగ్గర ఉన్నాను.

తిరిగి వస్తుంటే దారిలో అడిగాను, టేపు మీద గీత ఏమిటని. మన సోఫా ఎత్తు, నలభై తొమ్మిది సెంటీమీటర్లు అన్నాడు బాపు. నాయనమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కూర్చుని లేచేది ఇంట్లో ఆ సోఫా ఒక్కదాని మీదే. ఆవిడ పండుకున్నప్పుడు కొలిచాడట.

"నాయినమ్మ కోసమని చెప్తే అయిపోతది కద బాపూ?"

"చెప్తే ఎక్కదురా. నా కోసం గింత ఖర్చా అంటది. రేపే పోతా అంటది. కొడుకు సోకు చేసిండనుకుంటే, తిట్టుకుంటనన్న కూసుంటది."

"మరి అమ్మకు చెప్పచ్చు కదా? అమ్మ తిడుతుంది కదా నిన్ను."

"మన ఇంట్ల గోడలు సన్నగున్నయ్" అన్నాడు బాపు. "తిట్టనీ. నాకేమన్న కొత్తనా?"

కాగితాలు మా పేరు మీదికి మారిన తర్వాతి శుక్రవారం వాకిట్లో కారుకు పూజ చేశాం. గేటు మూసి, చప్పుడు లేకుండా. అమ్మ కోపంగానే పసుపు కలిపింది. కొబ్బరికాయ కొట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మా వైపు బండి ఏది కొన్నా పెద్ద వయసావిడ ఒకరు బొట్టు పెట్టి, ముందు సీట్లో కూర్చున్నాకే నిమ్మకాయలు తొక్కించాలి. ఊళ్ళో ఎవరు ట్రాక్టర్ కొన్నా ఆ పని నాయనమ్మదే. బాపు పట్టుకున్నది అక్కడే.

"నాకు కారు పడది గదరా" అంది నాయనమ్మ, బొట్టు పెట్టిన వేలు తుడుచుకుంటూ.

"నిమ్మకాయలు తొక్కుడే అవ్వా. గేటు దాక." మా వైపు తల్లిని అవ్వా అంటారు.

ఆవిడ కాదనలేకపోయింది. శుభమా అని కొడుకు బండి కొంటే, కూర్చోనని ఎట్లా అంటుంది? అప్పుడు నేను ముందుకొచ్చాను. ఇది బాపు నాకు అప్పజెప్పిన పని. ఈ కారు ఎక్కే తీరు వేరే అని, అరబ్బు తాత నేర్పించాడని చెప్పి, వీపు పెట్టి నిలబడి, కూర్చుని, కాళ్ళు తిప్పి చూపించాను.

"కారెక్కనీకి గూడ బడికి పోవాల్నా?" అంది నాయనమ్మ. మనవడి ఆట అనుకున్నట్టు, నవ్వుతూ, వీపు పెట్టి నిలబడింది. కూర్చుంది. సీటు ఆవిడ అనుకున్నచోటే ఉంది. కాళ్ళు లోపలికి తిప్పుకుంది. చెయ్యి ఇవ్వడానికి వచ్చిన అమ్మ అలాగే ఆగిపోయింది. సీటు వైపు, తర్వాత బాపు వైపు చూసింది. నన్ను లాక్కుని వెనక సీట్లో కూర్చుంది.

నిమ్మకాయలు చిట్లాయి. కారు గేటు దాకా వెళ్ళింది. పూజకు వచ్చిన డ్రైవర్ మామ గేటు తెరిచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. కారు ఆగలేదు.

"ఏందిరా, ఆపు."

"ఆపుత అవ్వా. కారు పెద్దది, ఈడ తిప్పుకునే జాగ లేదు."

వీధి చివర కూడా జాగ లేదన్నాడు. పెద్ద రోడ్డెక్కాక అసలే లేదన్నాడు. అమ్మ ముందుకు వంగి బయటికి చూసి, "ముందట గూడ ఉన్నట్టు లేదు, సక్కగ పోనియ్" అంది. ఆ వారంలో అమ్మ బాపుతో తిట్టకుండా అన్న మొదటి మాట అదే. అద్దంలో బాపు కళ్ళు నవ్వాయి.

అల్ వక్రా తీరం దాకా కారు తిప్పుకోవడానికి జాగ దొరకలేదు. అక్కడ ఆపాక మేమెవ్వరం నాయనమ్మ తలుపు దగ్గరికి వెళ్ళలేదు. బాపు దిగి, వెనక టైరును చూస్తున్నట్టు నిలబడ్డాడు. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు. తలుపు తెరుచుకుంది. రెండు పాదాలు కలిసి నేలను తాకాయి. ఒక చెయ్యి తలుపు అంచును పట్టుకుంది. నాయనమ్మ లేచి నిలబడింది. కొంగు ఎక్కడిదక్కడే ఉంది.

తడి ఇసుక దాకా నేను ఆవిడతో నడిచాను. చాలాసేపు చూసింది. "మానేరు డ్యాముకు కట్టన్న ఉంటది. దీనికి ఒడ్డే లేదు గద" అంది. బాపు, అమ్మ వెనక కారు దగ్గరే ఉన్నారు. అటోసారి చూసి, గొంతు తగ్గించి నాతో అంది:

"మీ బాపు సోఫా కొలిసిననాడు నేను పండుకోలే బిడ్డా. కండ్లు మూసుకున్న గంతే."

నేను వెనక్కి తిరిగి, కారు దగ్గరున్న బాపు వైపు చూశాను.

"సోకు పడి కొనుక్కున్నడు. అట్లనే ఉండనీ. చెప్పకు."

తిరిగి వెళ్ళేటప్పుడు, కడుపులో తిప్పుతోందా అని బాపు అడిగాడు. "ఈ కార్ల తిప్పుతలేదురా. మంచిది కొన్నవ్" అంది నాయనమ్మ. టికెట్ జరపమని మళ్ళీ అడగలేదు. వీసా ఉన్నన్నాళ్ళూ ఉంది. ప్రతి శుక్రవారం ఆవిడే ముందు వెళ్ళి, వీపు పెట్టి, సీట్లో కూర్చునేది. షేక్ సాబ్ సోకు తీర్చడానికి తను వస్తున్నట్టే ఉండేది ఆ కూర్చోవడం. ఆ ఇద్దరిలో ఎవరి మాటా నేను రెండోవారికి చెప్పలేదు.

నాయనమ్మ ఇప్పుడు లేదు. నేను ఇంజినీరునై, ఇదే దోహాలో, ఉమ్ ఘువైలినాలో ఫ్లాట్ తీసుకుని ఉంటున్నాను. ఒకరికి ఏదైనా చెయ్యాల్సి వచ్చినప్పుడు నాకు ఆ శుక్రవారం గుర్తొస్తుంది. బాపు ఆ అవసరాన్ని తన మీద వేసుకున్నాడు. దాంతోపాటు వచ్చిన తిట్లనూ వేసుకున్నాడు. అది నాకు ఆ రోజే అర్థమైంది. నాయనమ్మ చేసింది అర్థం కావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. తెలిసి కూడా ఆయన కథను ఆయనకే ఉంచి, తీసుకోవాల్సింది తీసుకుంది. ఇవ్వడం కంటే అలా తీసుకోవడమే కష్టమని ఇప్పుడు అనిపిస్తుంది.

బాపు రిటైరై, అమ్మతో కరీంనగర్‌లో ఉంటున్నాడు. వచ్చే నెల ఇద్దరూ విజిట్ మీద వస్తున్నారు. మొన్న ఫోన్లో, "ఈ మధ్య నాకు కార్లు పడ్తలెవ్వురా, ఇంట్లనే ఉంట" అన్నాడు. సరే బాపూ అన్నాను. పోయిన వారం ఒక పాత అమెరికన్ సెడాన్ కొన్నాను. ఆ రకం ఇప్పుడు దొరకడం కష్టం, కాబట్టి వెతకాల్సి వచ్చింది. పెట్రోలు బంకువాళ్ళు నీకు చుట్టాలా అని ఆఫీసులో అడుగుతున్నారు. చిన్నప్పటి నుంచి నాకు పెద్ద కార్లంటే ఇష్టమని అందరికీ చెబుతున్నాను. ఇది బాపు చదివినా చదవనట్టే ఉంటాడు. మా ఇంట్లో ఆ విద్య అందరికీ వచ్చు.

నిన్న సాయంత్రం టేపు పెట్టి కొలిచాను. ముందు సీటు ఎత్తు, నేల నుంచి, నలభై తొమ్మిది సెంటీమీటర్లు.